కంపెనీ సామానా, బయటి సామానా? లోయర్ ఆర్ములు, బ్రేకుల గురించి సలహా కావాలి

పానగల్లు టీచర్ (నల్లగొండ)
శనివారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. మాది చిన్న పెట్రోల్ కారు, 2016 మోడల్, ఇప్పటికి 94 వేల కిలోమీటర్లు తిరిగింది. రోజూ నల్లగొండ నుంచి కనగల్ అవతల ఉన్న మా బడికి వెళ్లి వస్తాను. నెల రోజులుగా గుంతలో పడితే ముందు ఎడమ చక్రం దగ్గర టక్కుమని చప్పుడు వస్తోంది. బ్రేకు తొక్కితే గీసుకుంటున్న శబ్దం. రేడియేటర్‌లో నీళ్లు కూడా వారానికోసారి తగ్గుతున్నాయి.

కంపెనీ సర్వీస్ సెంటర్‌లో చూపిస్తే ముందు చక్రాలను పట్టుకుని ఉండే రెండు లోయర్ ఆర్ములు, ముందు బ్రేక్ ప్యాడ్లు, డిస్కులు, రేడియేటర్ అన్నీ మార్చాలన్నారు. ఎస్టిమేట్ 29,800 రూపాయలు. మా కాలనీ దగ్గరి షెడ్డులో అడిగితే బయటి సామానుతో 15 వేలలో అయిపోతుంది మేడమ్ అన్నాడు. రెండూ ఒకటేనట, డబ్బా మాత్రమే తేడా అట.

14,800 తేడా మాకు చిన్న మొత్తం కాదు. కానీ వెనక సీట్లో మా పాప కూర్చుంటుంది. నిజంగా డబ్బా మాత్రమే తేడానా? తెలిసినవాళ్లు చెప్పండి.

పాలమూరు క్యాబ్ (మహబూబ్‌నగర్)
శనివారం, రాత్రి 9:40

అక్కా, బయటిదే వేయించండి. ఎనిమిదేళ్ల నుంచి మహబూబ్‌నగర్ నుంచి శంషాబాద్ ఎయిర్‌పోర్టుకు బండి తిప్పుతున్నా. క్లచ్ ప్లేటు, ఫిల్టర్లు, వీల్ బేరింగులు అన్నీ బయటివే. మొన్న క్లచ్ సెట్ మార్చినప్పుడు పాతదాని మీద ఏ తయారీదారు పేరుందో, కొత్తదాని మీదా అదే పేరుంది. కారు కంపెనీ డబ్బాలో రాలేదు, అంతే. దాదాపు మూడో వంతు డబ్బు మిగిలింది.

పాత సర్వీస్ అడ్వైజర్ (వనపర్తి)
శనివారం, రాత్రి 10:05

నేను ఆరేళ్లు సర్వీస్ సెంటర్‌లో జాబ్ కార్డులు (బండికి ఏ పని చేయాలో రాసే కాగితాలు) రాశాను, ఇప్పుడు వేరే పనిలో ఉన్నాను. మేడమ్, పార్టు ఎవరిదని అడిగే ముందు, ఆ పార్టు మార్చాలని ఎలా తేల్చారో అడిగారా? కారు లిఫ్ట్ మీద పెట్టి మీకు చూపించారా? డిస్కు మందం కొలిచారా? రేడియేటర్‌కు ప్రెషర్ పెట్టి చూశారా? కొలవకుండా అసెంబ్లీ మొత్తం రాసేయడం చాలాచోట్ల జరుగుతుంది. 29,800లో అసలు అవసరమైంది ఎంతో ముందు తేల్చుకోండి.

సర్వీస్ సెంటర్ వైపు నుంచి కూడా ఒక మాట చెప్పాలి. అక్కడ వేసిన పార్టుకు, చేసిన పనికి రెండింటికీ బిల్లు మీద బాధ్యత ఉంటుంది. ఆ పార్టు రేపు పాడైతే మళ్లీ వెళ్లి అడగడానికి ఒక కౌంటర్ ఉంటుంది. దానికీ కొంత ధర కడుతున్నాం.

జడ్చర్ల షెడ్డు (జడ్చర్ల)
ఆదివారం, ఉదయం 6:50

మేడమ్, నాది జడ్చర్లలో షెడ్డు. పందొమ్మిదేళ్లుగా ఇదే పని. ఆదివారం పొద్దున బండ్లు తక్కువ, కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

కంపెనీది, బయటిది అని రెండే రకాలు ఉన్నట్టు అందరం మాట్లాడతాం. నా బల్ల మీదికి వచ్చేవి నాలుగు రకాలు. కార్ల కంపెనీ తన కారులో ఉన్న సామాను చాలావరకు తాను తయారు చేయదు. స్పార్క్ ప్లగ్గులు ఎన్‌జీకే, డెన్సో, బాష్ లాంటివాళ్లు, క్లచ్చులు ఎక్సెడీ, లుక్, వాలియో లాంటివాళ్లు, షాకబ్జర్లు గాబ్రియల్ లాంటివాళ్లు చేసి ఇస్తారు. ఆ వస్తువు కారు కంపెనీ డబ్బాలో వస్తే జెన్యూన్ అంటాం. అదే తయారీదారు తన సొంత డబ్బాలో పెట్టి బజారులో అమ్మితే ఓఈ సామాను అంటాం. మూడో రకం, కారు కంపెనీకి సప్లై చేయకపోయినా సొంత పేరుతో, పార్టు నంబరుతో, బిల్లుతో అమ్మే కంపెనీలది. నాలుగోది పేరే లేనిది, లేకపోతే పెద్ద పేరును దొంగిలించి ముద్రించినది.

మీ షెడ్డాయన చెప్పిన "డబ్బా మాత్రమే తేడా" అన్న మాట రెండో రకానికి చాలావరకు నిజం. కానీ నాలుగో రకం అమ్మేవాళ్లు కూడా సరిగ్గా అదే మాట చెబుతారు. చిక్కంతా అక్కడే ఉంది.

ఒకటి నా కళ్లతో చూసింది చెబుతాను. కిందటి నెల ఒక బండి వచ్చింది. పొద్దున స్టార్ట్ చేయగానే రెండు మూడు సెకన్లు ఇంజిన్ గలగలమంటుంది, ఆయిల్ లైటు ఆలస్యంగా ఆరిపోతుంది, తర్వాత అంతా మామూలే. ఓనర్ బేరింగులు పోయాయేమోనని టెన్షన్ పడుతున్నాడు. ఆయిల్ ఫిల్టర్ విప్పాను. పైన పేరు, రంగు, అక్షరాలు అన్నీ బాగానే ఉన్నాయి. చేతిలో పెట్టుకుంటే బరువు తక్కువగా అనిపించింది. షెల్ఫ్‌లోంచి అదే మోడల్ కంపెనీ ఫిల్టర్ తీసి, రెండింటినీ వైస్‌లో బిగించి హ్యాక్సా బ్లేడుతో గుండ్రంగా కోశాను. ఓనర్ పక్కనే నిలబడి చూశాడు.

కంపెనీ దాంట్లో కాగితం మడతలు లెక్కపెడితే 54. మడతలన్నీ ఒకే ఎడంలో ఉన్నాయి, రెండు చివర్లా రేకు మూతకు బంక నిండుగా పట్టింది. రెండో దాంట్లో 37 మడతలు. ఒకచోట నాలుగైదు కలిసి ముద్దగా అయిపోయాయి, ఒకచోట వేలు దూరేంత సందు. బంక సగం చుట్టే ఉంది, ఆయిల్ కాగితంలోంచి వెళ్లాల్సిన అవసరమే లేదు, పక్కనుంచి జారిపోతుంది. అన్నిటికంటే ముఖ్యమైనది అడుగున ఉండే రబ్బరు వాషరు. ఇంజిన్ ఆపాక ఫిల్టర్‌లోని ఆయిల్ కిందికి దిగిపోకుండా ఆపేది అదే. కంపెనీదాన్ని రెండుగా మడిచినా మళ్లీ విచ్చుకుంది. దీన్ని మడవబోతే బిస్కట్‌లా విరిగింది. రాత్రంతా ఆయిల్ దిగిపోతే పొద్దున ఇంజిన్ పైభాగానికి ఆయిల్ చేరేదాకా లోహం మీద లోహం రాసుకుంటుంది. ఆ గలగల అదే. కొత్త ఫిల్టర్ వేశాక మరుసటి రోజు ఫోన్ చేసి చప్పుడు లేదన్నాడు.

ఆ ఫిల్టర్‌లో ఆయనకు మిగిలింది వంద రూపాయల లోపే.

ఇప్పుడు మీ కారు సంగతి. లోయర్ ఆర్ములు అంటే చక్రాన్ని పట్టుకుని ఉండే చేతులు. వాటి చివర బాల్ జాయింట్ ఉంటుంది. వాటి విషయంలో నేను ఒకటో రకమో రెండో రకమో తప్ప వేయను. బ్రేక్ ప్యాడ్లు పేరున్న తయారీదారువైతే బయటివైనా వేస్తాను. రేడియేటర్ మార్చేముందు దాని మూత చూడండి. మూత మీద 0.9 అనో 1.1 అనో అంకె ఉంటుంది, అంత ప్రెషర్ దాకా అది పట్టి ఉంచాలి. రబ్బరు ఎండిపోయి ఆ ప్రెషర్ ఆగకపోతే నీళ్లు ముందే మరిగి ఆవిరైపోతాయి. రేడియేటర్ బాగానే ఉన్నా నీళ్లు తగ్గుతాయి.

పాలమూరు క్యాబ్ తమ్ముడిని ఒకటి అడుగుతా. లోయర్ ఆర్ములు కూడా బయటివే వేయిస్తావా?

చిట్యాల 65 (చిట్యాల)
ఆదివారం, ఉదయం 7:30

మా నాన్నగారు బోరు నీళ్లే పోసేవారు రేడియేటర్‌లో. పదేళ్ల కారు విప్పితే లోపల గొట్టాలన్నీ తెల్లటి పొరతో సగం మూసుకుపోయాయి, ఇంట్లో బకెట్ అడుగున కట్టే పొరే. మన జిల్లా నీళ్ల సంగతి అందరికీ తెలిసిందే కదా. కూలెంట్ కలిపి అమ్మేదే తెచ్చి పోయండి, లేదా డిస్టిల్డ్ వాటర్‌తో కలపండి. పార్టు ఎంత ఒరిజినల్ అయినా బోరు నీళ్లు పోస్తే నిలవదు.

పాలమూరు క్యాబ్ (మహబూబ్‌నగర్)
ఆదివారం, ఉదయం 8:15

అన్నా, అడిగారు కాబట్టి చెబుతా. రెండేళ్ల కిందట వేయించా. పేరు లేనిదే. కంపెనీ ధరలో సగం కూడా లేదు. నాలుగు నెలలు బాగానే నడిచింది. ఒకరోజు తెల్లవారుజామున బాలానగర్ దగ్గర హోటల్లో టీ తాగి, మళ్లీ హైవే ఎక్కుదామని స్టీరింగ్ తిప్పాను. కింద పెద్ద చప్పుడు, ముందు భాగం ఒక్కసారిగా కుంగింది. దిగి చూస్తే కుడి చక్రం బయటికి వాలిపోయి మడ్‌గార్డుకు ఆనుకుంది. బాల్ జాయింట్ గిన్నెలోంచి గుండు ఊడి బయటికి వచ్చేసింది. వెనక సీట్లో ఫ్లైటుకు వెళ్లే పెద్దాయన, ఆయన భార్య. టీకి ఆగే ముందు నేను తొంభై మీద ఉన్నాను.

అప్పటి నుంచి స్టీరింగ్, సస్పెన్షన్ మాత్రం కంపెనీదే. నిన్న మీకు రాసినప్పుడు ఇది చెప్పకపోవడం తప్పే అక్కా. లోయర్ ఆర్ముల దగ్గర రాజీపడకండి.

పానగల్లు టీచర్ (నల్లగొండ)
ఆదివారం, ఉదయం 8:40

తమ్ముడూ, దేవుడి దయ వల్ల మీరు, ఆ పెద్దవాళ్లు క్షేమంగా ఉన్నారు. చెప్పినందుకు చాలా థాంక్స్. షెడ్డు అన్నగారూ, మూత సంగతి మాకు ఎవరూ చెప్పలేదు. అయితే ఓఈ సామాను అని తెలుసుకునేది ఎలా? షాపులో ఎవరినడిగినా ఒరిజినల్ అనే అంటారు.

రాణిగంజ్ కౌంటర్ (మిర్యాలగూడ, ప్రస్తుతం సికింద్రాబాద్)
ఆదివారం, మధ్యాహ్నం 1:20

మా ఊరు మిర్యాలగూడ. పన్నెండేళ్లుగా రాణిగంజ్‌లో స్పేర్ పార్ట్స్ షాపు కౌంటర్‌లో ఉన్నాను. నల్లగొండ, పాలమూరు మెకానిక్‌లు చాలామంది బస్సుల్లో వచ్చి ఇక్కడే సామాను తీసుకెళ్తారు.

మేడమ్, షాపుకు కారు మోడల్ చెప్పి వెళ్లకండి, పార్టు నంబరు పట్టుకుని వెళ్లండి. పాత పార్టు మీద ఉంటుంది, లేదా చాసిస్ నంబరుతో కంపెనీ పార్ట్స్ కౌంటర్‌లో అడిగితే చెబుతారు. ఒకే పేరున్న కారుకు 2015లో ఒక ఆర్ము, 2017లో ఇంకో ఆర్ము ఉండొచ్చు. నంబరు లేకుండా కొనే సామానులో సగం గొడవలు అక్కడే మొదలవుతాయి.

తర్వాత డబ్బా. పార్టు నంబరు, ఎంఆర్‌పీ, తయారైన నెల, తయారీదారు చిరునామా ఉండాలి. హోలోగ్రామ్ ఉంటే గోరుతో గీకి చూడండి. డబ్బా మీది నంబరు, లోపలి పార్టు మీది నంబరు ఒకటేనా చూసుకోవాలి. ఎందుకంటే డబ్బా నిజమైనదై ఉండి లోపల సామాను దొంగది కావచ్చు. ఖాళీ కంపెనీ డబ్బాలను పాత సామాన్ల వాళ్ల దగ్గర కొనేవాళ్లున్నారు. ఇది నేను చూసిన సంగతి. అందుకే మీ పార్టు విప్పాక డబ్బాను అలాగే షెడ్డులో వదిలేయకండి, చింపేయండి.

బ్రేక్ ప్యాడ్ల వెనక రేకు మీద తయారీదారు పేరు, బ్యాచ్ నంబరు, చివర రెండు ఇంగ్లిష్ అక్షరాలు చెక్కి ఉంటాయి. ఎఫ్ఎఫ్ అనో జీజీ అనో. మొదటి అక్షరం చల్లగా ఉన్నప్పుడు పట్టు ఎంతో చెబుతుంది, రెండోది వేడెక్కాక ఎంతో చెబుతుంది. ఎఫ్ అంటే 0.35 నుంచి 0.45, జీ అంటే 0.45 నుంచి 0.55. ఈ అనే అక్షరం ఉంటే ఎఫ్ కంటే తక్కువ, 0.25 నుంచి 0.35. వెనక రేకు ఖాళీగా, రంగు మాత్రమే పూసి ఉంటే ఆ ప్యాడ్లు తిరిగి ఇచ్చేయండి.

ఇంకొకటి. బిల్లు అడిగితే ధర పెరుగుతుందని కౌంటర్‌లో ఎవరైనా అంటే అక్కడ కొనకండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి కార్ల విడిభాగాలన్నిటికీ జీఎస్టీ 18 శాతం. అంతకుముందు చాలావాటికి 28 ఉండేది. పాత లెక్క చెప్పి పన్ను పేరుతో భయపెట్టేవాళ్లు ఇంకా ఉన్నారు. బిల్లులో పార్టు నంబరు రాయించుకోవాలి. "లోయర్ ఆర్మ్ 2 నంబర్లు" అని మాత్రమే రాసిన బిల్లు రేపు దేనికీ పనికిరాదు.

పాత సర్వీస్ అడ్వైజర్ (వనపర్తి)
ఆదివారం, మధ్యాహ్నం 2:10

ఓఈ సామాను గురించి షెడ్డు అన్న చెప్పినదానికి ఒక్క సవరణ. అదే తయారీదారు చేసినా, బజారు డబ్బాలో వచ్చేది ప్రతిసారీ అచ్చంగా అదే గ్రేడు కానక్కర్లేదు. రబ్బరు బుష్షుల్లో (ఇనుప కీళ్ల మధ్య ఉండే రబ్బరు తొడుగులు) గట్టిదనం మారొచ్చు, ప్యాడ్లలో మిశ్రమం మారొచ్చు. చాలావాటికి తేడా తెలియదు. కానీ ఎయిర్‌బ్యాగు, దాని సెన్సార్లు, సీట్ బెల్టులు, ఏబీఎస్ (గట్టిగా బ్రేకు తొక్కినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసేది) సామాను విషయంలో మాత్రం కారు కంపెనీ డబ్బా తప్ప మరో ఆలోచన పెట్టుకోవద్దు. పాత సామాన్ల యార్డులో ఎయిర్‌బ్యాగు దొరికిందని తెచ్చినవాళ్లను చూశాను. అది పేలాల్సిన క్షణంలో పేలుతుందో లేదో పరీక్షించే దారి మనకు లేదు.

టైమింగ్ బెల్టు (పిస్టన్లు, వాల్వులు ఒకే లయలో కదిలేలా చూసేది) ఉన్న ఇంజిన్లకు కూడా ఇదే మాట. బెల్టు తెగితే చాలా ఇంజిన్లలో పిస్టన్లు వాల్వులను కొట్టి వంచేస్తాయి. బెల్టుతో పాటు టెన్షనర్, ఐడ్లర్ బేరింగులు ఒకేసారి మార్చండి.

అచ్చంపేట ఘాట్ (అచ్చంపేట)
ఆదివారం, సాయంత్రం 5:45

బ్రేకుల గురించి నాది ఒక అనుభవం. శివరాత్రికి కుటుంబంతో శ్రీశైలం బయలుదేరాం, మన్ననూరు మీదుగా. వెళ్లే వారం ముందే కొత్త ప్యాడ్లు వేయించాను. ఊళ్లో తొక్కితే బండి గట్టిగా ఆగేది, చాలా బాగున్నాయనుకున్నాను. ఈగలపెంట దాటి డ్యామ్ వైపు దిగుతుంటే నాలుగో మలుపు దగ్గర ఏదో మాడుతున్న వాసన వచ్చింది. ఐదో మలుపులో పెడల్ గట్టిగానే ఉంది కానీ బండి ఆగడం లేదు. రాయి మీద కాలు పెట్టినట్టు ఉంది. సెకండ్ గేర్‌లోకి, తర్వాత ఫస్ట్‌లోకి దింపి, హ్యాండ్‌బ్రేక్ కొంచెం కొంచెంగా లాగుతూ పక్కన ఆపాను. అరగంట చల్లారనిచ్చాను. మా అమ్మ ఆ అరగంటా మల్లన్నను తలుచుకుంటూ కూర్చుంది.

ఇంటికి వచ్చాక ప్యాడ్లు విప్పితే పైన అద్దంలా మెరుస్తున్నాయి. వెనక రేకు మీద ఏ పేరూ లేదు, ఏ అక్షరాలూ లేవు. కౌంటర్ అన్న రాసింది చదివాక ఇప్పుడు అర్థమైంది, చల్లగా ఉన్నప్పటి పట్టు చూసి మోసపోయాను. ఊళ్లో మాత్రమే తిరిగేవాళ్లకు ఆ ప్యాడ్ల సంగతి ఎప్పటికీ తెలియకపోవచ్చు.

జడ్చర్ల షెడ్డు (జడ్చర్ల)
ఆదివారం, సాయంత్రం 6:20

ఘాట్ దిగేటప్పుడు ఏ ప్యాడ్లున్నా గేరులోనే దిగాలి. బ్రేక్ ఆయిల్ కూడా రెండేళ్లకోసారి మార్చండి. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది, తేమ పట్టిన ఆయిల్ తక్కువ వేడికే మరుగుతుంది, అప్పుడు పెడల్ మెత్తగా కిందికి పోతుంది. మీకు పెడల్ గట్టిగా ఉంది కాబట్టి అది ప్యాడ్ల తప్పే. రెండూ వేరువేరు జబ్బులు.

మిర్యాలగూడ మిల్లు (మిర్యాలగూడ)
ఆదివారం, రాత్రి 8:30

యాక్సిడెంట్ రిపేర్లలో కూడా ఇదే జరుగుతోంది, ఎవరూ మాట్లాడడం లేదు. నార్కట్‌పల్లి దగ్గర నా కారు ముందు భాగం లారీకి తగిలింది. ఇన్సూరెన్స్‌లో బంపర్, హెడ్‌లైటు, బానెట్ మార్చారు. బిల్లులో అన్నీ కంపెనీవే. మూడు నెలలకు హెడ్‌లైటు లోపల నీటి బిందువులు, అద్దం పసుపు పట్టడం మొదలైంది. విప్పి చూస్తే దాని మీద ఏ పేరూ లేదు. ఎక్కడ చేయించానో ఇక్కడ రాయను, కానీ ఆ వర్క్‌షాపు బిల్లు నా దగ్గరే ఉంది. ఏం చేయొచ్చు?

సూర్యాపేట సర్వేయర్ (సూర్యాపేట)
ఆదివారం, రాత్రి 9:15

నేను ఇన్సూరెన్స్ సర్వే పనిలో ఉన్నాను. సార్, పని పూర్తయ్యాక రీ-ఇన్‌స్పెక్షన్ (సర్వేయర్ మళ్లీ వచ్చి చూడడం) జరిగిందా? పాత పార్టులు సర్వేయర్‌కు చూపించారా? మీ క్లెయిమ్ నంబరుతో ఇన్సూరెన్స్ కంపెనీకి ఫొటోలతో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. కంపెనీ పార్టు ధర తీసుకుని వేరేది బిగిస్తే నష్టం మీకే కాదు, ఇన్సూరెన్స్ కంపెనీకి కూడా. వాళ్లూ పట్టించుకుంటారు.

అందరికీ పనికొస్తుందని తరుగు లెక్క కూడా రాస్తాను. జీరో డెప్ (తరుగు కోత లేకుండా చేసే అదనపు కవర్) లేని పాలసీలో రబ్బరు, నైలాన్, ప్లాస్టిక్ సామాను, టైర్లు, బ్యాటరీ, ఎయిర్‌బ్యాగులకు 50 శాతం కోత. ఫైబర్ గ్లాసుకు 30. అద్దానికి కోత లేదు. ఇనుప సామానుకు కారు వయసును బట్టి కోత ఉంటుంది. ఆరు నెలల లోపు ఏమీ లేదు, ఏడాది లోపు 5 శాతం, రెండేళ్ల లోపు 10, మూడేళ్ల లోపు 15, నాలుగేళ్ల లోపు 25, ఐదేళ్ల లోపు 35, పదేళ్ల లోపు 40, పదేళ్లు దాటితే 50. బంపర్ ప్లాస్టిక్ కాబట్టి సగం మీ జేబులోంచే పోతుంది. సగం డబ్బు మీరు కట్టిన పార్టు ఏదో తెలుసుకునే హక్కు మీకు ఉంది. పాత పార్టులు చూపించమని, కొత్తవాటి డబ్బాలు విప్పేముందు ఫొటో తీస్తామని జాబ్ కార్డు మీదే రాయించండి.

టీచర్ మేడమ్‌వి అరుగుదల పనులు, అవి క్లెయిమ్‌లోకి రావు.

దేవరకొండ వకీలు (దేవరకొండ)
ఆదివారం, రాత్రి 10:40

మిల్లు సార్, ఇన్సూరెన్స్ కంపెనీకి ఫిర్యాదు ఇస్తూనే 1915కు ఫోన్ చేసి నమోదు చేయించండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. కదలిక లేకపోతే నల్లగొండలో జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 5 లక్షల లోపు విలువకు ఫీజు లేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద లోపమున్న వస్తువుకు తయారుచేసినవాడు, అమ్మినవాడు, సర్వీసు చేసినవాడు ముగ్గురిపైనా బాధ్యత అడగొచ్చు. హెడ్‌లైటు పారేయకండి. అదే మీ సాక్ష్యం.

వారంటీ గురించి కూడా ఒక మాట, ఇది కొత్త కార్లవాళ్లకు. బయట ఏం చేయించినా వారంటీ మొత్తం పోతుందని చెప్పి భయపెడుతుంటారు. 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ (మార్కెట్లో పోటీ సరిగా ఉందో లేదో చూసే కేంద్ర సంస్థ) 14 కార్ల కంపెనీల మీద సుమారు 2,544 కోట్ల జరిమానా వేసింది. విడిభాగాలు, రిపేరు సమాచారం, పరికరాలు బయటి మెకానిక్‌లకు అందకుండా బిగబట్టారన్నది కారణం. బయట రిపేరు చేయించినంత మాత్రాన వారంటీ మొత్తం రద్దు చేసే షరతు పెట్టకూడదని కూడా ఆ ఉత్తర్వులో ఉంది. జరిమానాల మీద అప్పీళ్లు నడిచాయి. కాబట్టి ఒక్క కాగితం చూపించి గెలిచేస్తామని అనుకోవద్దు. కానీ బయట ఎయిర్ ఫిల్టర్ మార్పించారని గేర్‌బాక్స్ వారంటీ కాదంటే, ఆ మాట రాసి ఇవ్వమని అడగండి. రాసి ఇవ్వడానికి చాలామంది వెనకాడతారు.

2022 డిసెంబర్‌లో కేంద్ర వినియోగదారుల శాఖ రిపేరు హక్కు పోర్టల్ కూడా తెచ్చింది, అందులో వాహనాలూ ఒక విభాగం. వారంటీ వివరాలు, విడిభాగాల సమాచారం అక్కడ వెతకొచ్చు.

పానగల్లు టీచర్ (నల్లగొండ)
బుధవారం, రాత్రి 8:05

అందరికీ పేరుపేరునా థాంక్స్. ఏం జరిగిందో చెబుతాను.

సోమవారం సెలవు పెట్టి కారును వేరే షెడ్డుకు తీసుకెళ్లాను. లిఫ్ట్ ఉన్నచోటే చూశాను. అడ్వైజర్ సార్ చెప్పినట్టు ముందు కొలిచి చూపించమన్నాను. ఆయన ఏమీ అనుకోలేదు, పైగా సంతోషంగా చూపించాడు. డిస్కు అంచు మీద కనీస మందం 15 మిల్లీమీటర్లు అని చెక్కి ఉంది. వెర్నియర్ పెట్టి మూడు చోట్ల కొలిచాడు, ఎక్కడా 15.8 కంటే తగ్గలేదు. గాడులు లోతుగా లేవు. కాబట్టి డిస్కులు మార్చలేదు. ప్యాడ్లు మాత్రం రేకు దాకా వచ్చేశాయి, గీసుకునే శబ్దం అదే.

రేడియేటర్ మూత తీస్తే రబ్బరు అంచున వెంట్రుక మందం పగుళ్లు కనిపించాయి. రేడియేటర్‌కు ప్రెషర్ పంపు పెట్టి పావుగంట ఉంచాడు, ముల్లు కదల్లేదు. అంటే రేడియేటర్‌లో లీకు లేదు.

ఎడమ ఆర్ము బుష్షు చిరిగి లోపలి ఇనుప గొట్టం కనిపిస్తోంది. కుడిది చిరగలేదు కానీ బాల్ జాయింట్‌ను రాడ్డుతో లేపితే ఆట (లూజు) తెలిసింది. రెండూ మార్పించాను. ఆ ఆట నా చేత్తో కూడా లేపి చూడమన్నాడు. ఇన్నాళ్లూ ఆ చక్రం మీద పాపను తీసుకెళ్లానా అనిపించి చేతులు చల్లబడ్డాయి. దానికి తోడు లింక్ రాడ్లు (సస్పెన్షన్‌లోని చిన్న కడ్డీలు) కూడా అరిగిపోయాయి.

ఖర్చు ఇది. లోయర్ ఆర్ములు కంపెనీ డబ్బావే, పార్టు నంబరు చూసుకుని నేనే కొన్నాను, రెండు కలిపి 3,800. లింక్ రాడ్లు, ప్యాడ్లు తయారీదారు సొంత డబ్బాలో, 900, 1,350. ప్యాడ్ల వెనక ఎఫ్ఎఫ్ అని చూశాకే డబ్బులిచ్చాను. మూత కంపెనీదే, 220. కూలెంట్ 750, అలైన్‌మెంట్ 500, లేబర్ 2,200. మొత్తం 9,720.

పాలమూరు క్యాబ్ (మహబూబ్‌నగర్)
బుధవారం, రాత్రి 8:30

అక్కా, మస్తు సంతోషం. వెయ్యి కిలోమీటర్లు తిరిగాక ఆర్ముల బోల్టులు ఒకసారి టైట్ చేయించండి.

మిర్యాలగూడ మిల్లు (మిర్యాలగూడ)
బుధవారం, రాత్రి 9:00

నేను నిన్న ఫొటోలతో ఫిర్యాదు పంపాను, నంబరు వచ్చింది. సర్వేయర్ వచ్చి చూస్తానన్నారు. హెడ్‌లైటు కవర్‌లో చుట్టి బీరువాలో పెట్టాను.

జడ్చర్ల షెడ్డు (జడ్చర్ల)
బుధవారం, రాత్రి 9:25

మేడమ్, కొలిచి చూపించిన ఆ మేస్త్రీని వదులుకోకండి. కూలెంట్ వారం పాటు పొద్దున్నే, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు మాత్రమే చూడండి. పాత ఆర్ములు తెచ్చుకున్నారా, షెడ్డులోనే వదిలేశారా? కొత్తవాటి డబ్బాలు ఏం చేశారు?

పానగల్లు టీచర్ (నల్లగొండ)
బుధవారం, రాత్రి 9:50

పాతవి తెచ్చుకున్నాను అన్నగారూ. రేపు బడికి తీసుకెళ్తున్నా, ఎనిమిదో తరగతి పిల్లలకు బాల్ జాయింట్ ఎలా ఉంటుందో చూపిస్తా. డబ్బాలు అక్కడే నాలుగు ముక్కలుగా చింపి మున్సిపాలిటీ చెత్తబండిలో వేశాను.